పెద్దమ్మ తొక్కిన బ్రేకు

మొన్న నంద్యాలలో బ్రేకు ఆయిల్ కొనడానికి పోతే, అంగడాయన దాంతోపాటు ఒక ప్లాస్టిక్ సీసా, దానికి తగిలించిన సన్నటి గొట్టం కూడా నా ముందు పెట్టాడు. "బ్రేకుల్లో గాలి తీయను ఇంగ ఎవుర్నీ పిల్చుకునే పన్లేదన్నా. నువ్వొక్కనివే తీసుకోవచ్చు" అన్నాడు. మంచి వస్తువే, కొన్నాను కూడా. కానీ చేతిలోకి తీసుకోగానే ఆళ్లగడ్డలో మా పెద్దనాయన గుర్తొచ్చాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లింటి ముందు గదిలో ఉండేవాణ్ని. ఆయన వ్యాను అహోబిలం, శ్రీశైలం పోయే భక్తులకు బాడుగకు తిరిగేది. ఘాట్ దిగి వచ్చాక బ్రేకు లోతుకు పోతోందంటే ఆయిల్లో గాలి చేరిందని అర్థం. చక్రం పక్కన గోనెపట్ట పరుచుకుని పడుకుని "ఏమే!" అని కేక పెట్టేవాడు. పెద్దమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చునేది. ఆమె బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆయన చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను, అదే నిపుల్‌ను, వదులు చేసేవాడు. బుడగలతో ఆయిల్ చిమ్మేది. ఆయన మళ్లీ బిగించాకే ఆమె కాలు తీయాలి, లేకపోతే బయటి గాలి లోపలికి పోతుంది. బిగించానని మాత్రం చెప్పడు. తీయలేదేమని తిడతాడు, తీస్తే ఎందుకు తీశావని తిడతాడు. ఆ తిట్లు ఇక్కడ రాస్తే చదివినవాళ్లు నోరు కడుక్కోవాలి. నేను తొక్కుతానంటే "నీకెందుకులేప్పా" అనేవాడు. నన్ను తిట్టడానికి మొహమాటం, తిట్టకపోతే ఆయనకు పని సాగదు. పైగా బయటికొచ్చిన ఆ నల్లటి ఆయిల్‌ను పాతగుడ్డలో వడగట్టి మళ్లీ అందులోనే పోసేవాడు. ఊరందరినీ దేవుడి దగ్గరికి మోసిన ఆ వ్యానులో పెద్దమ్మ కూర్చున్నది అది కదలనప్పుడే.

ఒక ఎండాకాలం బనగానపల్లెలో పెద్దమ్మ తల్లి మంచాన పడింది. తీసుకుపొమ్మని పెద్దమ్మ రోజూ అడుగుతోంది, ఆయన బాడుగలున్నాయంటున్నాడు. ఆ రోజు బ్రేకు మీద కాలు పెట్టే అడిగింది: "ఇది బాగైతే ఈపొద్దన్నా మాయమ్మ దగ్గరికి పిల్చుకపోతావా?"

"ముందు తొక్కు. ముసల్ది యాడికీ పోదులే" అన్నాడు కింది నుంచి.

పెద్దమ్మ కాలు తీసేసింది. నిపుల్ తెరిచే ఉంది, ఆయన అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. ఆమె దిగి, కాళ్లు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది. "నేను బస్సుకు పోతాండా. నీ బ్రేకు నువ్వే తొక్కుకో" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఆయనకు బాడుగ ఉంది. సీటుకీ బ్రేకుకీ మధ్య కట్టె ఇరికించాడు. నిపుల్ తెరవగానే బ్రేకు కిందికి దిగి కట్టె జారిపోయింది. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చి, ఆయిల్ గొంతులోకి పోయి, గోడ పక్కన కక్కుకున్నాడు. నాకు జాలి కలగలేదు. చివరికి నీళ్ల సీసాలో కాస్త ఆయిల్ పోసి, గొట్టం ఒక కొస నిపుల్‌కు తొడిగి, రెండో కొస ఆ ఆయిల్లో మునిగేట్టు పెట్టి, తనే పోయి మెల్లగా తొక్కాడు. బుడగలు బయటికి పోయాయి. కాలు తీసినప్పుడు గాలికి బదులు ఆయిలే వెనక్కి వచ్చింది. బ్రేకు గట్టిపడింది. అంతే, ఒక సీసా, ఒక గొట్టం. ఇంతమాత్రం దానికి పెద్దమ్మ అన్ని మాటలు పడిందా అనిపించి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

తల్లి కడసారి చూపు దక్కించుకుని, కర్మలు ముగించుకుని పెద్దమ్మ తిరిగొచ్చింది. ఆయన గొప్పగా సీసా చూపించి "సూస్తివా, నువ్వు లేకున్నా అయితాది" అన్నాడు.

"ఇంత సులువైన పనికా, అన్నేండ్లు నన్ను తిడ్తివి?" అంది పెద్దమ్మ.

వయసు మీదపడే కొద్దీ మనుషులు మెత్తబడతారంటారు. పెద్దనాయన ఇప్పటికీ మెత్తబడలేదు. ఆయన మెత్తబడే కాలం వస్తుందని కాచుకోవడం పెద్దమ్మ మాత్రం ఆ రోజు బస్సెక్కినప్పుడే మానేసింది.