పెదనాన్నగారి వాతలూ కాలవ నీళ్ళూ

మోకాళ్ళు మొరాయిస్తున్నాయని కిందటి వారం మా మనవరాలు నన్ను అమలాపురంలో ఏదో నీళ్ళ వైద్యానికి తీసుకెళ్ళింది. గదంత తొట్టి, గోరువెచ్చటి నీళ్ళు, పట్టుకోడానికి స్టీలు కడ్డీలు. కాళ్ళు పడిపోయిన పిల్లనొకదాన్ని వాళ్ళమ్మ నడుం పట్టుకుని అందులో ఆడిస్తోంది. "నీళ్ళలో ఒంటి బరువు తేలిపోతుందండీ మామ్మగారూ, అప్పుడు కాళ్ళకి నడక అలవాటవుతుంది," అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆయ్, అన్నాను. ఇంకేమంటాను? నాకు మా పెదనాన్నగారు గుర్తొచ్చేరు. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు గానీ, ఆ మాట అనేవాళ్ళెవరికీ మా పెదనాన్నగారి లాంటివాడు తగిలి ఉండడు.

మాది ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, నా అయిదో ఏట, జ్వరం కాసి తగ్గేసరికి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పోలియో అన్న మాట మా ఊళ్ళో అప్పటికి ఎవరికీ తెలీదు. తెలియనిదాన్ని తెలీదనడం పెదనాన్నగారికి చేతకాదు. ఆయన ఇంటి పెద్ద. పంచాంగం చెప్తారు, నాడి చూస్తారు, కొబ్బరిచెట్టు ఎందుకు కాయలేదో చెప్తారు, ఢిల్లీలో మంత్రులు ఎక్కడ తప్పుతున్నారో అరుగు మీంచి కదలకుండా చెప్తారు. ఆయన ఎదట మా నాన్న నోరు తెరిస్తే వచ్చేది ఒకటే ముక్క, "ఆయ్". "ఇది వాతం. పిల్లకి చెమ్మ తగలకూడదు," అని తేల్చేసి, పసుపుకొమ్ము కాల్చి నా పిక్కల మీద వాతలు పెట్టేరు. కదలకుండా పట్టుకున్నది నాన్న. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, "చూశారా, చురుకు తెలుస్తోంది! నరం మేలుకుంది," అని మీసం దువ్వుకున్నారు మహానుభావుడు. నా కాళ్ళకి చురుకు తెలియకపోవడమన్నది ఎప్పుడూ లేదు, లేనిది కదలికే. ఆ తేడా ఆయనకి తెలిస్తేగా! ఏడాదిపాటు నన్ను నడవగదిలో చాప మీద పడేసి ఉంచేరు. స్నానం కూడా లేదు, పొడిగుడ్డతో తుడవడమే.

ఆయన్ని కన్నతల్లి మా మామ్మ. కొడుకుతో వాదించడం ఆవిడ ఎప్పుడో మానేసింది. "కడుపులో ఉన్నప్పుడు కూడా వాడు నా మాట వినలేదు," అనేది. అందుకని ఆయన భక్తిని పట్టుకుంది. కార్తీకం రాగానే, అరుగు మీద నలుగురూ ఉన్నప్పుడు చూసి, "ఒరే అబ్బాయ్, పిల్ల ఇవాళ్టినుంచి నాతో కార్తీకస్నానాలు చేస్తుంది. వద్దంటావా? అను, వింటాను," అంది. పెదనాన్నగారి గొంతులో వెలక్కాయ పడింది. ఒకళ్ళ కార్తీకస్నానం ఆపిన పాపం మూటగట్టుకునే ధైర్యం ఆయనకెక్కడిది? పసిపిల్ల కాళ్ళు కాల్చడానికున్న ధైర్యం వేరు.

పెరటి వెనకే కాలవ రేవు. అమ్మ నన్ను చంకనేసుకుని దింపేది. రెండు ఎండు కొబ్బరికాయలకి పీచు లేపి, జతగా ముడేసి, నా చంకల కిందకి తోసేవారు. మా వైపు ఈత నేర్చుకునే పిల్లలందరికీ అదే ఆధారం. మామ్మ నీళ్ళలో నా ఎదురుగా నిలబడి, "తన్నవే! మీ పెదనాన్నే అనుకుని తన్ను!" అనేది. మొదట్లో కాళ్ళు గుడ్డపీలికల్లా వేలాడేవి. మాఘం నాటికి కుడికాలు నీళ్ళని నెట్టింది. కార్తీకం అయ్యాక మార్గశిరం అంది మామ్మ, ఆపైన మాఘస్నానాలంది, నెలల మధ్య ఖాళీ వస్తే గుర్తొచ్చిన దేవుడికల్లా మొక్కు కల్పించింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని పెదనాన్నగారు పంచాంగం తిరగేసి తిరగేసి నలిపేసేరు. పాపం, దొరకలేదు.

వైశాఖంలో పైనుంచి కాలవలకి నీళ్ళు కట్టేసేరు. ఏటా మరమ్మతులకి కట్టేస్తారు, ఏటా జనం తిట్టుకుంటారు. మామ్మ కూడా తిట్టుకుంది గానీ, వైశాఖస్నానాలు మధ్యలో మానదు కదా, ఉన్న నీళ్ళలోకే నన్ను దింపింది. నా గొంతుదాకా ఉన్న నీళ్ళు రొమ్ముకి దిగేయి, నడుముకి దిగేయి, మోకాళ్ళకి దిగేయి. అవి తగ్గినకొద్దీ నా బరువు కొంచెం కొంచెంగా నా కాళ్ళ మీదకి వచ్చింది. ఆ సంగతి నాకూ తెలీదు, మామ్మకీ తెలీదు. ఒకనాడు చీలమండల లోతు బురదనీళ్ళలో మామ్మ నా చెయ్యి వదిలేసి కొంగు పిండుకుంటోంది. "అత్తయ్యగారండీ, పిల్ల!" అని అమ్మ రేవు మెట్ల మీంచి కేకేసి, బావురుమంది. నేను నిలబడే ఉన్నాను. ఎడమకాలు ఈడ్చుకుంటూనే అయినా, ఆ వారంలోనే గోడ పట్టుకుని వీధిలోకి నడిచేను.

పెదనాన్నగారు ఏమన్నారో తెలుసా? "నా వాతల గుణం! ఏడాదిన్నరకి పనిచేసింది!" అరుగు మీదకి ఎవరొచ్చినా నన్ను పిలిచి, గౌను పైకెత్తి, పిక్కల మీద మచ్చలు చూపించేవారు. సిగ్గూ శరం లేని మనిషి. నాన్న పక్కన నిలబడి ఆయ్, ఆయ్ అనేవాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, మలికిపురం వైపునుంచి ఒకావిడ కాళ్ళు పడిపోయిన కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. పిల్లకి మూడేళ్ళుంటాయి. పెదనాన్నగారు ఉబ్బిపోయి, రేపు పొద్దున్నే మంచి ఘడియ ఉందన్నారు. నేను ఆగలేకపోయాను. "కాల్చొద్దండీ, కాలవలో దింపండి," అన్నాను. ఆయన పగలబడి నవ్వేరు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. పిల్లని భుజానేసుకుని నా వెనకాలే పెరట్లోకి వచ్చింది. రేవులో చుక్క నీళ్ళు లేవు, బురద నెర్రెలిచ్చింది. "నీళ్ళెప్పుడొస్తాయండీ?" అనడిగింది. జ్యేష్ఠం వెళ్ళాలంది మామ్మ. "వచ్చాక ఎన్నాళ్ళు దింపాలండీ?"

"ఇది కార్తీకంలో దిగిందమ్మా, వైశాఖానికి నిలబడింది," అంది మామ్మ.

ఆవిడ ఆ ఎండిన కాలవకేసి చూసింది. ఇంటిదగ్గర ఇంకా పిల్లలున్నారండీ, అన్నాళ్ళు ఉండలేను, అంది. మర్నాడు పొద్దున్న అరుగు మీంచి ఆ పసిదాని కేకలు వినపడుతుంటే మామ్మ నా చెవులు రెండూ తన అరచేతులతో మూసేసింది.

ఆ తల్లిని నేనేమీ అనలేను. ఆ పిల్లకి కావలసిన మందల్లా కొన్ని నెలల కాలం. ఆ కాస్తా ఇవ్వకుండా ఒక్క పూటలో వాతలతో తేల్చేసిన పెదనాన్నగారిని, ఇన్నేళ్ళ కాలం గడిచినా నేను క్షమించలేదు.