తెర ముందటి దిక్కు

కోతులు మనుషులను ఏలే ఆ ఇంగ్లీషు సినిమాలల్ల కొత్తది టీవీల వస్తుంటే, మనవడు కండ్లార్పకుంట చూస్తున్నడు. వాటిల మొదటిది నేను చిన్నప్పుడు గోదావరిఖనిల, ఆఫీసర్ల క్లబ్బు మైదానంల చూసిన.

పొద్దుగూకంగనే తెల్లతెర కట్టేటోళ్లు. ముందట కుర్చీలల్ల ఆఫీసర్లు, తెర వెనుక నేల మీద మా బొగ్గుబాయి కూలోళ్లు. వెనుక నుంచి చూస్తే అంత ఉల్టా, కుడిచెయ్యి ఎడమచెయ్యి అయితది. అందుకే కోతులు గుర్రాలెక్కి మనుషులను వలలేసి పడుతుంటే నేను బెదరలేదు. మా దిక్కు గిట్ల కనపడుతున్నది గని, ముందటి దిక్కు మనుషులే కోతులను పడుతుంటరనుకున్న. చూద్దామని అటు ఉరికిన.

అక్కడ కూడ కోతులే గుర్రాల మీదున్నయి. బిత్తరపోయి నిలబడితే పిక్క మీద కట్టె దెబ్బ పడ్డది.

"ఎవల పిల్లవే నువ్వు? నడువ్ వెనుకకు."

కొట్టింది మా పక్కింటి మల్లయ్య కాక. బాయిల కాలు విరిగినంక ఆయనకు క్లబ్బుల వాచ్‌మన్ డ్యూటీ ఇచ్చిన్రు. ఆ పొద్దుగాలనే నాకు జామపండు తెంపిచ్చిండు. కుర్చీలల్ల ఎవరో నవ్విన్రు.

తెల్లారి కాక మా ఇంటికొచ్చి, నా వాత మీద నూనె రాసుకుంట అడిగిండు.

"ఎవలు కొట్టిన్రు బిడ్డా?"

ఎంత అబద్ధాలకోరని చానా ఏండ్లు అనుకున్న. కాదు, ఆయన నిజంగనే అడిగిండు. కట్టె చేతిల ఉన్నప్పుడు ఆయనకు నేను కనపడలేదు, తెర దాటొచ్చిన కూలోళ్ల పిల్ల కనపడ్డది.