ఖతర్ కబురుతో కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా

గుజరాత్ తీరంలో గ్యాస్ ఓడలు ఆగే రేవులో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఖతర్‌లో గ్యాస్‌ను బాగా చల్లబరిచి, ద్రవంగా మార్చి ఓడల్లో పంపుతారు. దాన్ని మళ్లీ గ్యాస్‌గా చేసి పైపుల్లోకి వదలడం మా పని. రెండు దేశాల ఒప్పందం, ఏళ్ల తరబడి సరఫరా, ధరల మీద చర్చలు మా ఆఫీసులో రోజూ వినిపించే మాటలే. ఒకసారి శిక్షణ కోసం అటువైపు రేవుకు వెళ్లినప్పుడు, ఎత్తయిన ఇనుప మంచె దిగి వస్తున్న ఒకతను నా చొక్కా మీద పేరు చదివి, "తెలుగోళ్లా సార్? ఏ ఊరు మీది?" అని అడిగాడు. అలా పరిచయమయ్యాడు కోరుట్ల రాజేశం. ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. అక్కడ గ్యాస్ ట్యాంకుల చుట్టూ పనివాళ్లు నిలబడటానికి ఇనుప పైపులతో మంచెలు కడుతూ, పనివాళ్లు ఉండే క్యాంపులో ఉంటున్నాడు. మొన్న ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చి ఫోన్ చేశాడు. "మా క్యాంపోళ్ల ఇండ్లకు పోవాలె సార్. ఎవలు లీవుకొచ్చినా అందరిండ్లు తిరిగి మంచిచెడ్డ కనుక్కపోవుడు మాకు అలవాటు. మీరు గూడ రాండ్రి, మా దిక్కు చూసినట్టుంటది." ఒప్పందానికి రెండు చివరలా ఉన్న రేవులు చూశాను కానీ, ఈ ఇళ్లు ఎన్నడూ చూడలేదు. సరేనన్నాను.

గురువారం మధ్యాహ్నం హైదరాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఎక్కితే కోరుట్ల చేరడానికి ఐదు గంటలు పట్టింది. ఆ రాత్రి రాజేశం ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం అక్కడ సెలవు, క్యాంపులో ఉన్నవాళ్లు ఫోన్‌కు దొరుకుతారని అతను కావాలనే ఆ రోజు పెట్టుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి జగిత్యాల బస్సెక్కాం. ముప్పావు గంట ప్రయాణం, టికెట్ యాభై రూపాయల లోపే. తెలంగాణ ఆడవారికి ఆధార్ చూపిస్తే ఉచితం. ఊరు దాటేదాకా పసుపు ఉడకబెడుతున్న వాసన మాతోనే వచ్చింది. ఆ తరువాత రెండువైపులా పచ్చటి నాట్లు. ఒక మడిలో ఒకామె యూరియా చల్లుతోంది. యూరియా తయారు కావడానికి కూడా గ్యాసే కావాలని, మన దేశం దిగుమతి చేసుకునే దాంట్లో చాలా భాగం ఎరువుల ఫ్యాక్టరీలకే పోతుందని నేను చెప్పాను. రాజేశం కిటికీలోంచి ఆ పొలం కనుమరుగయ్యేదాకా చూశాడు. "అంటే మేము ఆడ పని చేసింది మా పొలంలకే అచ్చిందన్నట్టు," అన్నాడు. అందులో సంతోషం ఉందో లేదో నాకు అంతుపట్టలేదు.

జగిత్యాల బస్టాండు బయట ఎల్లవ్వ టిఫిన్ బండి నడుపుతుంది. ఒకప్పుడు కూలికి పోయేది. ఆమె కొడుకు రాజేశం గదిలోనే ఉంటాడు. మమ్మల్ని చూడగానే స్టూళ్లు తుడిచి వేసి, వేడివేడి సర్వపిండి ముందు పెట్టింది. బియ్యప్పిండి రొట్టె, మందంగా, నువ్వులతో, అంచులు కరకరలాడుతూ ఉంది. డబ్బులిస్తే తీసుకోలేదు. నేను గ్యాస్ కంపెనీ మనిషినని రాజేశం చెప్పగానే బండి కింద సిలిండర్ చూపించింది.

"గీ గ్యాసు నా కొడుకు ఉన్నకాడికెల్లే వస్తదా సారూ?"

"ఓడల్లో మేం దించే గ్యాసు వేరమ్మా. కానీ సిలిండర్ గ్యాసు కూడా కొంత ఆ దేశాల నుంచే వస్తుంది."

"గ్యాసు సముద్రం దాటి నా బండి కిందికి వస్తది. వానికేమో రెండేండ్లకోపారి గూడ లీవు దొరకది," అని పెనం మీద అట్టు తిప్పింది. ఓడ ఒక్కరోజు ఆలస్యమైతే ఎవరెవరికి ఫోన్లు చేయాలో మా దగ్గర పద్ధతి ఉండేది. మనిషి ఆలస్యమైతే ఏం చేయాలో ఎవరూ రాసుకోలేదు.

జగిత్యాల నుంచి వేములవాడకు గంటన్నర పైనే పట్టింది. బస్సు నిండా రాజన్న గుడికి దర్శనానికి పోయే జనం. వెనక సీటు దొరికాక రాజేశం మెల్లగా అసలు సంగతి చెప్పాడు. సిరిసిల్లలో మేం వెళ్లబోయేది వేణు ఇంటికి. వేణు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆర్డర్లు ఆగిపోయి పని లేని రోజుల్లో ఖతర్ వెళ్లి గ్యాస్ పైపులు బిగించే పనిలో చేరాడు. ఇప్పుడు గ్యాస్ ప్లాంటు విస్తరణ జరుగుతోంది కాబట్టి అతని కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగిస్తామంటున్నారు. ఆదివారంలోగా సంతకం చేయాలి.

"వానికి ఇంటికి రావాలనుంది సార్. గని పెండ్లాం ఏమంటదో అని భయం. కనుక్కరమ్మని నన్ను పంపిండు."

"రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటారు కదా, తనే అడగొచ్చుగా?" అన్నాను.

"ఎట్ల అడుగుతడు? ఆడ రూములో ఎనిమిది మందిమి. ఈడ అమ్మ, కొడుకు ఫోన్ మీద పడతరు. తిన్నవా అంటే తిన్న. గంతే."

వేములవాడలో అన్నం తిని బస్సు మారాం. అరగంటలో సిరిసిల్ల. వేణు ఇల్లు ఉన్న సందులో మరమగ్గాల షెడ్లు కొన్ని తాళాలతో, కొన్ని టకటకమని నడుస్తూ ఉన్నాయి. వేణు భార్య పద్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మా కోసం ముందుగా వచ్చింది. వేణు తల్లి నర్సవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి కొడుకు గురించి అడుగుతూనే ఉంది. పద్మ టీ ఇచ్చి, "అన్నా, జర బయటికి రా," అని రాజేశాన్ని గడప అవతలికి పిలిచింది. అతను నన్ను కూడా రమ్మన్నాడు. వేణు కబురు చెప్పాడు.

పద్మ, "ఆయన మంచిగ తింటుండా అన్నా? నిద్రపోతుండా?" అని అడిగింది.

"మొదట్ల తినకపోతుండె. ఇప్పుడు శుక్రారం వస్తె కూర ఆయనే వండుతడు చెల్లె. ఉప్పెక్కువేస్తడు, మేం తిట్టుకుంట తింటం. ఆయన నవ్వుతడు."

"నవ్వుతుండా?" అని రెండోసారి అడిగింది. కళ్లు తుడుచుకుంది. "సాంచెలు ఆగినప్పుడు ఆయనకు బతుకు మీదనే మనసు విరిగింది. రాత్రిళ్లు లేసి షెడ్డుల కూసునేటోడు. మా అత్తకు గీ సంగతి తెల్వది. ఈడుంటే మనిషి దక్కడని నేనే పంపిన. ఆయనేమో నేను పైసలకు పంపిన్ననుకుంటుండు."

తరువాత నావైపు తిరిగింది. "సార్, పట్నాలల్ల పైపు గ్యాసు వేస్తున్నరట గద. ఆయనకు గా పని దొరుకుతదా?"

దొరుకుతుందని చెప్పాలనిపించింది. కానీ నాకు తెలియని మాట చెప్పలేకపోయాను. "పైపుల పని చేసినవాళ్లను కాంట్రాక్టర్లు తీసుకుంటారమ్మా. నాకు తెలిసిన వాళ్లను అడుగుతాను. ఖాయంగా దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను."

"అడుగుతనన్నరు. చాలు," అంది. "అన్నా, ఆయనకు ఫోన్ కొట్టు. రూములకెల్లి బయటికి పొమ్మను, ఒక్కడే ఉండాలె."

రాజేశం అలాగే చెప్పి ఫోన్ ఆమెకిచ్చాడు. ఇంట్లో అత్త, సందులో ఇరుగుపొరుగు. పద్మ అటూ ఇటూ చూసి, ఎదురుగా మగ్గాలు నడుస్తున్న షెడ్డులోకి నడిచింది. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. మగ్గం దగ్గరున్న పెద్దాయన ఆమెను చూసి, తల దించుకుని తన పనిలో పడ్డాడు. పద్మ ఒక చెవి మూసుకుని, ఇన్నేళ్లుగా గుసగుసగా కూడా చెప్పలేని మాటలను గొంతెత్తి అరిచి చెబుతోంది. మాకు పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. మధ్యలో ఆమె చాలాసేపు విన్నది. తరువాత గట్టిగా తలూపింది, అవతలివాడికి కనబడుతున్నట్టే.

బయటికి వచ్చి ఫోన్ తిరిగి ఇచ్చింది. గొంతు బొంగురుపోయింది. "సంతకం చెయ్యొద్దన్న. పని దొరికినా దొరకకున్నా రమ్మన్న. ఎందుకు పంపిన్నో గూడ చెప్పిన." ఇంట్లోకి పోయి, "అత్తమ్మా, ఆయన వస్తుండు," అంది.

నేను తిరిగి వచ్చేటప్పుడు ఆలోచిస్తూనే ఉన్నాను. రెండు దేశాల సహకారం అబద్ధం కాదు. ఆ గ్యాస్‌తో మన పొలాలకు ఎరువు తయారవుతోంది. ఆ ప్లాంటులో దొరికిన పని ఒక మనిషి ప్రాణం నిలబెట్టింది, ఆ మాట పద్మే చెప్పింది. కానీ ఆ ఒప్పందాన్ని ఈ చివరన మోస్తున్నది భర్తను దూరంగా పంపి, కారణం చెప్పుకోలేక ఏళ్లు గడిపిన మనిషి. నేను అడుగుతానన్న కాంట్రాక్టరు ఇంకా ఏ మాటా చెప్పలేదు. వేణు మాత్రం వచ్చే నెల బయలుదేరుతున్నాడు.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక్క సలహా. సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా హైదరాబాద్‌కు సాయంత్రం చాలాసేపటి దాకా బస్సులుంటాయి, నాలుగు గంటల ప్రయాణం. ఎవరి కబురైనా మోసుకుని వెళ్తుంటే తిరుగు టికెట్ ముందుగా కొనకండి. ఆ ఇంట్లో మాట ఎప్పుడు మొదలవుతుందో మీ చేతుల్లో ఉండదు.