గణపతిరావు మాస్టారి చేతి కొలత

విజయనగరంలో ముప్పై ఏళ్లు పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన డ్రిల్లు మాస్టారు గణపతిరావుకి గొంతు పెద్దది, మీసం పెద్దది, చేతులు మాత్రం చిన్నవి. ఆ సంగతి ఎవరి కంటా పడకూడదని ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. చూసినవాళ్లు డ్రిల్లు అలవాటు కాబోలు అనుకునేవారు. అసలు విషయం భార్య పద్మకుమారికి తెలుసు. ఆవిడ పెళ్లినాడే, తలంబ్రాలు పోసుకునేటప్పుడే కనిపెట్టేసింది. ఆవిడ దోసిట్లో ఎన్ని బియ్యం పట్టాయో ఆయన దోసిట్లోనూ అన్నే పట్టాయి మరి.

అరవై ఐదు యుద్ధం అయ్యాక ఊళ్లో కొందరు పెద్దమనుషులు కలిసి తుపాకీ క్లబ్బు ఒకటి పెట్టారు. ఆదివారం పొద్దుటే ఊరి చివర మట్టిదిబ్బకి కాగితం తగిలించి, మధ్యనున్న నల్లచుక్కకి గురిపెట్టి కాల్చడం, ఆనక ఉప్మా తినడం. కాల్చడానికి వచ్చేవాళ్లెందరో, ఉప్మాకి వచ్చేవాళ్లెందరో అడక్కూడదు. మరుసటేడు క్లబ్బుకి కొత్తగా రెండు పిస్తోళ్లు వచ్చాయి. ఒకటి నల్లగా, బరువుగా, లావుపాటి పిడితో ఉంది. రెండోది సన్నపిడిది, చిన్న గుండు వేసే ట్వంటీటూ. దానికి చూడగానే ‘పెళ్లికూతురు’ అని పేరు పెట్టేశారు. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకుని దానితోనే సాధన చెయ్యాలి. మాస్టారు పెళ్లికూతురి వైపు కన్నెత్తి చూడలేదు. పెద్దదాన్ని అందుకుని, దగ్గర్లో అద్దం ఏమైనా ఉందా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

"బావా, పిస్తోలే నిన్ను పట్టుకున్నట్టున్నాది" అన్నాడు నరసింగరావు. ఈయన పద్మకుమారికి అన్నగారు. బావని ఏడిపించకపోతే ఆయనకి తిన్న ఉప్మా అరగదు.

మాస్టారు మూడు ఆదివారాలు కాల్చారు. గుళ్లన్నీ ఎడమపక్కకి పోయి మట్టిలో దిగబడేవి. కాగితాలు తగిలించే ఎల్లాజీ మాస్టారి కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా ఊడదీసి, మడతపెట్టి జేబులో పెట్టుకునేవాడు. మళ్లీ వారానికి అదే పనికొచ్చేది.

మూడో ఆదివారం నరసింగరావు ఉప్మా పళ్లెం పక్కన పెట్టి, అందరూ వినేలా అన్నాడు. "సూడు బావా! వచ్చే వారం పదింట్లో ఐదు గుళ్లు నల్లచుక్కలో పడాల. పడలేదో, ఇక్కడే, ఈళ్లందరి ముందరా నీ సేతులకి గాజులు తొడిగిస్తాను."

"పడితేనో?" అన్నారు మాస్టారు మీసం దువ్వుతూ.

"పడితే ఆ గాజులే కొని మా సెల్లికి పంపుతాను. సరేనా?"

అందరూ చప్పట్లు కొట్టారు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఎండలో నిలబెట్టి గుంజీలు తీయించిన చేతులకి గాజులు పడితే ఆ ఊళ్లో ఇంక తలెత్తుకు తిరగగలరా? ఆ వారమంతా మాస్టారికి అన్నం సయించలేదు.

గురువారం గుమ్మంలో గాజుల చప్పుడైంది. గాజుల లక్ష్మణమ్మ వచ్చింది. ఆ పేటలో ఏ ఇంటి ఆడదాని చెయ్యి ఎంతో, ఎవరు చిక్కారో, ఎవరికి నెల తప్పిందో ఆవిడకి మణికట్టు పట్టుకోగానే తెలిసిపోతుంది.

"పద్మ లోపల ఉన్నాది" అన్నారు మాస్టారు.

"అమ్మ కోసం కాదు బాబూ. నరసింగరావు బాబు పంపినారు. తమరి సెయ్యి కొలత తీసుకోమన్నారు. ఆదివారానికి సరుకు ఉండాల కదా!"

మాస్టారు చేతులు వెనక్కి దాచేసుకున్నారు. లోపల్నుంచి పద్మకుమారి పకపకా నవ్వుతూ వచ్చి, "ఇవ్వండి, సిగ్గెందుకు? పెళ్లిచూపులా ఏటి?" అని ఆ చెయ్యి లాగి లక్ష్మణమ్మ చేతిలో పెట్టింది.

లక్ష్మణమ్మ బొటనవేలి మొదలు నొక్కింది. అరచెయ్యి మడిచింది. ఆశ్చర్యపోయింది. "ఓలమ్మ! అమ్మ కొలతే! ఇద్దరిదీ ఒకటే గాజు!" ఆనక ఆవిడకి ఇంకో సందేహం వచ్చింది. ఆవిడకి సందేహం వస్తే తీరేదాకా కదలదు. "బాబూ, ఇంత సెయ్యితోటి ఆ తుపాకీ ఎలా పడతన్నారు? సూపించండి."

పిస్తోళ్లు క్లబ్బు బీరువాలో ఉంటాయి. అందుకని పద్మకుమారి వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి ఇచ్చింది. మాస్టారు దాన్ని పట్టుకుని గోడమీద బల్లికి గురిపెట్టారు. లక్ష్మణమ్మ తల అడ్డంగా ఊపింది.

"వేలు సూడండి, కొస మాత్రమే ఆనతన్నాది. తుపాకీ మీట లాగాలంటే సెయ్యంతా పక్కకి తిప్పుకుంటన్నారు. మరి గుండు తిన్నగా ఎలా ఎల్తాది? బాబూ, నాను సెయ్యి సూసి గాజు తీస్తాను గానీ, గాజు సూసి సెయ్యి తెమ్మని అడగను కదా!"

పద్మకుమారి ఈసారి అట్లకాడ అందించింది. వేళ్లన్నీ చుట్టూ కుదురుగా సర్దుకున్నాయి. బల్లికేమనిపించిందో గానీ దూలం వెనక్కి పారిపోయింది.

ఆదివారం మాస్టారు బీరువా దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "ఆ రెండోది ఇయ్యి" అన్నారు.

"పెళ్లికూతురా?" అని ఎల్లాజీ ఊరంతా వినేలా అడిగాడు.

నవ్వులు ఆగేదాకా మాస్టారు ఆగారు. ఊపిరి బిగపట్టి కాల్చారు. మొదటి రెండూ కాగితం అంచున పడ్డాయి. మూడోది నల్లచుక్కలో పడింది. పది అయ్యాక ఎల్లాజీ లెక్కపెట్టి, ఇంకోసారి లెక్కపెట్టి, "ఆరు!" అని అరిచాడు. ఆ కాగితం మళ్లీ పనికి రాకుండా పోయింది.

"ఒప్పుకున్నాను బావా. లక్ష్మణమ్మా, మా సెల్లికి డజను తియ్యి" అన్నాడు నరసింగరావు, పొద్దుటే గాజులబుట్టతో వచ్చి కూర్చున్న ఆవిడ వైపు తిరిగి.

లక్ష్మణమ్మ ఆకుపచ్చ గాజులు తీసింది. "కొత్త సరుకు బాబూ. కొలత సూడకుండా ఇవ్వను. అమ్మ ఇక్కడ లేదు..." అంటూ మాస్టారి వైపు చూసింది. గెలిచిన సంబరంలో ఆయన ఏమీ ఆలోచించకుండానే చెయ్యి చాపేశారు. రెప్పపాటులో రెండు గాజులు ఎక్కేశాయి.

దింపబోతే రాలేదు. ఎండకీ, పిస్తోలు పట్టుకున్న బిగువుకీ చెయ్యి ఉబ్బింది.

"పగలగొట్టీ!" అన్నారు మాస్టారు కంగారుగా.

"అమ్మ పేరున తీసిన గాజులు! పగలగొట్టమంటానికి నోరెలా వచ్చినాది బాబూ? ఎక్కించడం నా పని. దింపడం ఇంటికెళ్లి సూసుకోండి."

నరసింగరావు నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాడు.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని ఇంటిదారి పట్టారు. ఇన్నేళ్లూ ఆ ఉపాయంతో చేతులు కనబడకుండా దాచుకొచ్చారు గానీ, గాజులు వినబడకుండా దాచడం ఎలాగో తెలియలేదు. అడుగడుక్కీ గలగల. అరుగుల మీదివాళ్లు పద్మకుమారి వస్తోందనుకుని తలలు తిప్పి, మాస్టారిని చూసి నోరు వెళ్లబెట్టారు.

గుమ్మంలో పద్మకుమారి ఎదురొచ్చి చేతికేసి చూసింది. "ఓడిపోయినారా?"

"గెలిచాను!" అన్నారు మాస్టారు ఛాతీ విరిచి.

ఆవిడ సబ్బుబిళ్ల కోసం లోపలికి వెళ్తూ వెళ్తూ, "గెలిస్తేనే రెండైతే, ఓడిపోతే మోచేతి దాకా తొడుగుదురు కాబోలు" అంది.