లంకలో హద్దురాయి

గల్ఫులో, ఫుజైరాలో నేను వంట చేసే ఇంట్లో చిన్నమ్మాయిది అమెరికా చదువు. కరోనా రోజుల్లో ఆ బడి ఇంట్లోకే వచ్చింది. ఒకరోజు అమెరికా పల్లెల పటం గీస్తూ, "చూడు ఆంటీ, టౌన్‌షిప్ అంటే మీ పంచాయతీ లాంటిదే, ఇలా నలుచదరంగా ఉంటుంది. రోడ్లూ కాలవలూ వాళ్ళు ఎన్నుకున్న బోర్డే చూసుకుంటుంది" అంటూ హద్దు మీద ఎర్ర స్కెచ్‌పెన్ లాగింది. ఆ ఎరుపు చూడగానే నాకు మా ఊరి హద్దురాయి గుర్తొచ్చింది.

మా గోదారి లంకలో హద్దు ఏటా కదిలేది. వరద తీశాక మేటవేసిన నేల మాదంటే మాదని రెండు పంచాయతీలూ కొట్టుకునేవి. నా చిన్నప్పుడు మా ప్రెసిడెంటు గారు పాతించిన రాయిని పీకడానికి అవతలి ఊరివాళ్ళు గునపాలూ పారలూ కర్రలూ పట్టుకుని దిగారు.

"రాయి మీద చెయ్యేస్తే నరుకుతా" అని మా బాబాయి అడ్డం నిలబడ్డాడు.

"నరకరా, చూద్దాం" అన్నాడొకడు.

అమ్మతో గడ్డికి వెళ్ళిన నేను రెల్లు చాటున ఉన్నాను. అమ్మ నా కళ్ళు మూసింది గానీ, కర్రలు విరిగిన చప్పుడూ, పార ఎముకకు తగిలిన చప్పుడూ నాకు వినబడుతూనే ఉన్నాయి.

బాబాయిని మంచం మీద మోసుకుపోయాక చూస్తే రాయి నిండా ఎరుపు. పూజ చేశారనుకుని, బడి ఎరగని నాకు అమ్మ ఇంట్లో నేర్పిన శ్లోకం చదివి దండం పెట్టాను.

"కుంకం కాదే, మీ బాబాయి నెత్తురు" అని అమ్మ నన్ను లాక్కుపోయింది.

నేను మొక్కింది నెత్తురుకే అయినా దేవుడు ఆ దండం అందుకున్నాడు. బాబాయి బతికాడు. రాయిని మాత్రం మరుసటి వరదకు గోదారే పట్టుకుపోయింది.