రెండో దారి

కల్పన హిందూపురంలో ఉద్యోగానికి చేరిన నాటినుంచీ కాలికి బలపం కట్టుకునే తిరుగుతోంది. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఫైళ్ళన్నీ ఒకచోట దాచే స్టోరేజీ పెట్టెలుంటాయి. ఆ పెట్టెకూ కంప్యూటర్లకూ మధ్య దారి తెగితే, ఎక్కడ తెగిందో పరీక్షించి బాగుచేయడం ఆమె పని. నంబులపూలకుంట దగ్గర గొర్రెలు కాసుకునే నాయన పోతులయ్య మాత్రం "మా పాప వైర్లు బాగుచేస్తాది" అని చెప్పుకుంటాడు. తప్పేమీ లేదు. కాకపోతే ఊళ్ళో ఎవరింట ఫ్యాను తిరగకపోయినా ఫోను ఆమెకే వస్తుంది.

ముందురోజు పెనుకొండలో ఒక పని ముగించుకొని, ఆ శుక్రవారం పొద్దున్నే రైలెక్కి ధర్మవరం వెళ్ళింది. అక్కడ చంద్రశేఖర్‌ది పట్టుచీరల డిజైన్ల షాపు. మగ్గాలకు వెళ్ళే డిజైన్లన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. దానికి రెండు దారులు, అంటే వెలుగుతో సమాచారం మోసే రెండు గాజు తీగలు. ఒకటి పోతే రెండోది మోస్తుంది. ఆ ఏర్పాటులో మంచీ అదే, చెడూ అదే. పని నడుస్తున్నంత కాలం చచ్చినదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక దారి చచ్చిందని చెప్పే పసుపు లైటు నెలల తరబడి వెలుగుతుంటే చంద్రశేఖర్ అదో అలంకారం అనుకున్నాడు.

ఇప్పుడు రెండో దారి కూడా తడబడుతోంది. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. నకళ్ళు దాచే పాత మిషను చెడిపోతే కొత్తది తెచ్చి, చూసుకోకుండా చచ్చిన దారికే తగిలించారు. దాంట్లోకి ఒక్క డిజైనూ చేరలేదు. షాపులో ఏళ్ళ తరబడి డిజైన్లు గీసిన రఘునాథ్ చనిపోయి ఏడాది కాలేదు. జబ్బుతో మంచం పట్టి కూడా ఆయన గీసిన అంచులు ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు.

"పెళ్ళిళ్ళ సీజనమ్మా. ముందు తీగ బాగుచెయ్, నకలు తర్వాత చూద్దాం," అన్నాడు చంద్రశేఖర్.

"తీగ నా సంచిలో ఇంకోటి ఉండాది సార్. ఆయన గీసినవి ఇంకోటి లేవు."

చంద్రశేఖర్ ఆ దారి మీద బరువు తగ్గేలా అందరినీ కంప్యూటర్లు ఆపమన్నాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. మిగిలిన ఆ ఒక్క దారిలోంచే డిజైన్లన్నీ తన డిస్కులోకి ఎక్కేదాకా కల్పన తెర ముందునుంచి కదల్లేదు.

అప్పుడు చచ్చిన తీగ పీకి, కొనను భూతద్దంలో చూసింది. వెలుగు వెళ్ళాల్సిన చోట ఎర్రటి పొడి. కుంకుమ.

తలుపు దగ్గర ఆదెమ్మ నిలబడి ఉంది, చేతిలో కుంకుమ భరిణె. షాపు ఊడ్చేది ఆమే, రఘునాథ్ భార్యా ఆమే. తన నుదుట పెట్టుకోవడం మానేసిన బొట్టును ప్రతి శుక్రవారం ఆ పెట్టెకు పెడుతోంది. తుడవడానికి అడ్డమొచ్చిన తీగను పీకి, తుడిచి, అక్కడే బొట్టు పెట్టి, మళ్ళీ గుచ్చుతోంది.

దుమ్ము పడిందని చెప్పేసి వెళ్ళిపోవచ్చు. కానీ వచ్చే శుక్రవారం మళ్ళీ ఇదే జరుగుతుంది. కల్పన ఆమెను కూర్చోబెట్టి, మనసు ఒప్పకపోయినా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఆదెమ్మ భరిణె మూత పెట్టింది. "అయితే ఆయన గీసిందంతా నా చేత్తో నేనే పోగొట్టేదాన్నా, పాపా?"

లేదనాలని కల్పనకు నోటిదాకా వచ్చింది. "పోయేదే, పెద్దమ్మా. పోలేదు," అంది.

స్పిరిట్‌తో ఆ తీగ కొన, పొడి రాలి తడబడుతున్న రెండో తీగ కొన, అవి గుచ్చే చోట్లు శుభ్రం చేసి మళ్ళీ తగిలించింది. రెండు లైట్లూ పచ్చగా వెలిగాయి. లైటును నమ్మి లేచిపోయే మనిషి కాదు కల్పన. బాగుచేసిన దారిలోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. ఏది తెరవమంటావని ఆదెమ్మనే అడిగింది.

"చివర గీసింది."

తెర మీద వేరుశనగ పూల అంచు వచ్చింది. సగం దాకా రంగులు, ఆ తర్వాత ఖాళీ గళ్ళు. ఆయన గీస్తున్నప్పుడు ఆదెమ్మ మంచం పక్కన కూర్చుని చూసిందే, ఆయన పోయాక మళ్ళీ చూడలేదు. చూపించాలని ఎవరికీ తోచలేదు. ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది.

"ఇంక శుక్రవారం నేను యాడికి రావల్ల?" అంది చివరికి.

"ఈడికే రా. పెట్టెను మాత్రం తాకొద్దు. వారానికొకసారి డిజైన్లు తెరిచి, సరిగ్గా వస్తాండాయో లేదో ఎవరో ఒకరు చూడల్ల. ఆయన గీసినవి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

చంద్రశేఖర్ తన కుర్చీ లాక్కొచ్చి తెర ముందు వేశాడు. ఆదెమ్మ కూర్చుంది.

"దీనికి ముందుది తెరువు, పాపా."