పెద్దసారు మేడ మీది వేడినీళ్లు

నంద్యాలలో పెద్దసారూ నేనూ ఒకే కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతాం. ఆయన విభాగాధిపతి, నేను ఆయన కింద. ఒకసారి సెమినార్‌లో వేడినీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవుల గురించి మాట్లాడాను. ఊట పుట్టేచోట, సలసల కాగే నీళ్లలో ఒక రకం ఉంటుంది. నీళ్లు పారుతూ చల్లబడేకొద్దీ వేరే రకాలు పసుపు, నారింజ, ఆకుపచ్చ పొరలుగా కనిపిస్తాయి. దేని వేడి దానిదే. ఊటలు లేని ఊళ్లోనైనా నీళ్లు ఏళ్ల తరబడి వేడిగా నిలిచేచోట ఇలాంటివి చేరతాయని, మన దగ్గరా వెతుకుదామని అన్నాను.

"మహానంది ఊటలోనే వేడినీళ్లు లేకపోతే ఈడ యాడుంటాయప్పా నీ వేడి పురుగులు? కుంపటి మీద పెట్టుకొని ఎతుక్కో!" అన్నాడాయన.

హాలంతా నవ్వింది. మర్నాటి నుంచి నా పేరు కుంపటి సార్. క్యాంటీన్‌లో టీ పోసే అతను కూడా అలాగే పిలిచాడు. ఆ నవ్వును అదే హాల్లో ఆయనకు తిరిగి అప్పజెప్పాలని ఆ రోజే అనుకున్నాను.

మనవడికి పేరు పెడుతూ ఆయన మమ్మల్ని ఆళ్లగడ్డలోని తన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన మేడ మీది పాత సోలార్ హీటర్ గురించి స్టాఫ్‌రూమ్‌లో వినని వాళ్లు లేరు. అందుకే సంచిలో నీళ్లలో మరిగించి శుభ్రం చేసిన ఖాళీ సీసా పెట్టుకుని వెళ్లాను.

"చెయ్యి పెట్టి సూడప్పా, ఎట్ల కాలతాండాయో!" అని ఆయనే కుళాయి తిప్పాడు. చేతులు కడుక్కున్నాను. ఆయన అటు తిరగగానే సీసా నింపుకున్నాను.

మా ల్యాబ్‌లో గాజు సామాను ఆరబెట్టే ఓవెన్‌ను డెబ్బై డిగ్రీలకు పెట్టి, ఆ నీళ్లకు పోషకాలు కలిపి లోపల ఉంచాను. కొన్నాళ్లకు సీసా అడుగున పసుపు మడ్డి చేరింది.

తర్వాతి సెమినార్‌లో మైక్రోస్కోప్ ముందుకు మొదట ఆయన్నే పిలిచాను.

"పొడుగ్గా బాగుండాయే. యాడియప్పా, హిమాలయాలవా?"

"ఆళ్లగడ్డవి సార్."

"ఆళ్లగడ్డలో యాడ?"

"మీ మేడ మీద."

వెనక బెంచీలో మొదలైన నవ్వు ముందు వరుస దాకా వచ్చింది. ఆయన నన్ను వరండాలోకి లాక్కుపోయాడు. "పసిబిడ్డకు ఆ నీళ్లే పోస్తాండారు. ఏమన్నా అయితాదా అన్నా?"

ఆయన నన్ను అన్నా అనడం అదే మొదటిసారి. ఇవి మన ఒంటి వేడి చాలక ఎదగలేని జీవులు, బిడ్డకు ఏమీ కాదు. అది నాకు బాగా తెలుసు.

"కుంపటి మీద పెట్టి చూసి చెప్తా సార్" అన్నాను.

ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు ఇది చదివి తెలుసుకోనీ.